షడ్రుచులకూ క్వార్కులకూ ముడిపెట్టకండి



ఉగాది నాడు మా రాజంపేటలో (కడప వారిది కాదు, కామారెడ్డి జిల్లాది) పంచాంగ శ్రవణం ముగిశాక ఒక ఉపన్యాసకుడు సెలవిచ్చాడు: పచ్చడిలోని ఆరు రుచులే భౌతికశాస్త్రపు ఆరు క్వార్కులట. పాశ్చాత్యులు వాటిని ‘ఫ్లేవర్లు’ అనడమే సాక్ష్యమట. మన చతుర్దశ భువనాలే వారు వెదకుతున్న అదనపు కొలతలట. చప్పట్లు మ్రోగాయి. నాకు మాత్రం పచ్చడిలోని చేదు ఒక్కటే నోట మిగిలింది.

‘ఫ్లేవర్’ అన్న పేరును 1971లో గెల్‌మన్, ఫ్రిట్ష్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఐస్‌క్రీము దుకాణం దగ్గర ఎంచుకున్నారు. 1964లో క్వార్కులను ప్రతిపాదించిననాడు అవి మూడే. ఆరు ఉండాలని 1973లో కొబయాషి, మస్కవా గణితం వేసి చూపారు. చార్మ్ 1974లో, బాటమ్ 1977లో, టాప్ 1995లో చిక్కాయి. మనకు ముందే తెలిసి ఉంటే, మూడే ఉన్ననాడు “ఇంకా మూడున్నాయి, వెదకండి” అని ఒక్క పండితుడైనా ఎందుకు అనలేదు?

భువనాల సంగతి మరీ విడ్డూరం. భువనమంటే నివాసస్థానం. పదునాలుగు అంతస్తుల మేడ కట్టినా దాని కొలతలు పొడవు, వెడల్పు, ఎత్తు మూడే కదా! రాండల్, సుంద్రం 1999లో ప్రతిపాదించిన అదనపు కొలత వేరు. అందులో ఏ క్వార్కు ఎక్కడ ఒదిగి ఉందన్నదాన్ని బట్టి దాని బరువు తేలుతుందని తరువాతివారు వివరించారు. అప్ కన్నా టాప్ సుమారు 80,000 రెట్లు బరువెందుకో దానితో అర్థమవుతుంది. ఎంత అందమైన ఊహ! అయినా దాన్ని ఎవరూ పూజలో పెట్టలేదు. ఒక రకం క్వార్కు మరొక రకంగా మారే అరుదైన ఘటనలను లెక్కించి, ఊహను వారే బోనులో నిలబెట్టారు.

ఈ పని మన ఇరుగుపొరుగునా జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు రుక్మణి మొహంతా, అంజన్ గిరితో కలిసి, మరో నమూనా ప్రకారం ఒక అదనపు కొలత ఉంటే బి-ఎస్ మెసాన్ విఘటనాలు ఎంత మారతాయో 2007లో గణించారు. ఆ కణం రెండు మ్యూయాన్లుగా విడిపోవడం నూరు కోట్లలో మూడు నాలుగు పర్యాయాలే. సెర్న్‌లోని రెండు బృందాలు 2015లో దాని కొలతను ప్రకటించాయి. పాత సిద్ధాంతంతోనే సరిపోయింది. అదనపు కొలత జాడ లేదు. లేదని చెప్పుకోవడానికి వారు సిగ్గుపడలేదు. మన ఉపన్యాసకుడి మాట తప్పని తేలే దారి ఏదైనా ఉన్నదా?

పోతన వామనచరిత్రకు భౌతికశాస్త్రం నుండి యోగ్యతాపత్రం దేనికి? అది కావ్యంగానే చాలదా?

ఈ నేరం నేనూ చేశాను, దాచను. ఉద్యోగకాలంలో బలి చక్రవర్తి పాఠం చెబుతూ “పాతాళమే శాస్త్రజ్ఞుల అయిదవ కొలత” అన్నాను. వెనుక బల్ల పిల్లవాడు లేచి “గట్లయితె దాన్ని ఎట్ల కొలుస్తరు సార్?” అన్నాడు. “కూర్చో” అని గద్దించాను.

ఆ ఉపన్యాసకుడు వచ్చే ఉగాదికీ వస్తాడట. ఆ ప్రశ్న ఈసారి నేనే అడుగుతాను.