బరువు తగ్గలేదు కదా!

నేను ప్రాక్టీసులో ఉన్న రోజుల్లో, కాలేయం గట్టిపడిపోయిన ఒక రోగి నెలనెలా క్రమం తప్పకుండా నా వద్దకు వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ బరువు తూచేవాళ్ళం. అంకె దాదాపు కదిలేది కాదు. "బరువు తగ్గలేదు కదా, ఫరవాలేదు" అని చెప్పి పంపేవాణ్ణి. ఒకనాడు ఆయన పొట్టలో చేరిన నీటిని తీయించవలసి వచ్చింది. తీసిన తరువాత చొక్కా లేకుండా మంచంమీద కూర్చున్న ఆయనను చూసి నివ్వెరపోయాను. కణతలు లోపలికి పోయాయి, జబ్బలు సన్నగా కర్రల్లా ఉన్నాయి. ఇన్ని నెలలూ కండ కరుగుతూ ఉంటే, ఆ మేరకు నీరు చేరుతూ వచ్చింది. బరువు యంత్రం రెండింటినీ కలిపి చూపింది. విడదీసి చూడవలసిన పని నాది, నేను చూడలేదు.

అందుకే ఎవరైనా తమ బరువు చెప్పగానే, అందులో కొవ్వెంత, కండెంత, నీరెంత అని అడగాలనిపిస్తుంది.

బి.ఎం.ఐ. కూడా ఈ ప్రశ్నకు జవాబివ్వదు. దాని మూలం 1830ల నాటి బెల్జియం గణాంకవేత్త కెటెలే లెక్క. ఆయన జనసమూహాల సగటును వెతికారే గాని, మంచంమీది రోగిని కాదు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు యడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో వచ్చింది. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవారికి మధుమేహం ఎందుకు వస్తుందని అడిగేవారికి నేను ఆ ఫోటో గురించే చెబుతాను.

ఇప్పుడు జిమ్ముల్లో, మందుల దుకాణాల్లో సైతం కొవ్వు శాతం చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి అరికాళ్ళ గుండా, అరచేతుల గుండా అతి స్వల్పమైన విద్యుత్తును పంపుతాయి. నీరు, లవణాలు ఉన్న కండలో అది సులువుగా సాగుతుంది, కొవ్వులో అడ్డుపడుతుంది. ఆ అడ్డును కొలిచి, మీ వయసు, ఎత్తు, బరువు జోడించి ఒక సూత్రంతో కొవ్వును లెక్కగడతాయి. అంటే కొవ్వును అవి చూడవు, ఊహిస్తాయి. చెమటోడ్చి వచ్చినా, కడుపునిండా తిని వచ్చినా అంకె మారుతుంది. ఒళ్ళంతా నీరు పట్టిన రోగి విషయంలో ఆ అంకెను నమ్మడం కష్టం. ఆరోగ్యవంతులు అదే యంత్రంమీద, పరగడుపున, అదే వేళకు చూసుకుంటే నెలల తరబడి వచ్చే మార్పు కొంత తెలుస్తుంది. దశాంశాల దాకా నమ్మి బాధపడనక్కరలేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం వాటిపై నిలబడవద్దు. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష ఇంతకంటే నమ్మదగినది. కాని నెలనెలా చేయించుకునేది కాదు.

నా ఓటు దర్జీ టేపుకే. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు పేరుకున్నట్టే. పెద్దవయసువారికి పిక్కను బాగా లావుగా ఉన్నచోట, టేపు బిగించకుండా కొలవండి. 2019లో ఆసియా నిపుణుల బృందం చెప్పిన ప్రకారం మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్లకు తక్కువైతే కండ తగ్గిందని అనుమానించాలి. చేతిపట్టు కొలిచే సాధనం ఉంటే మరీ మంచిది. మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటే తక్కువ పట్టు బలహీనతకు గుర్తు. కాళ్ళు వాచిన రోగికి పిక్క కొలత కూడా మోసమే. అటువంటివారికి భుజానికీ మోచేతికీ నడిమధ్య జబ్బను కొలవాలి.

నా రోగి చీటీలో ఆ తరువాత బరువు పక్కన జబ్బ కొలత కూడా రాయసాగాను. అప్పుడే విచారిస్తే తెలిసింది, "కాలేయ జబ్బుకు పథ్యం" అంటూ ఇంట్లో పప్పు, గుడ్డు ఎప్పుడో మాన్పించారని. గంజి, మజ్జిగ అన్నంతో ఆయన రోజులు గడుపుతున్నారు. ఇటువంటి రోగులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరమని నేటి వైద్యం చెబుతోంది; ఆ లెక్కకు కూడా నీరు తీసివేసిన బరువునే చూడాలి. మీ ఇంట్లో కాలేయం, మూత్రపిండాలు, కాన్సరు జబ్బులతో ఎవరైనా ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బరువుతోపాటు జబ్బ కొలత కూడా రాయమని అడగండి. ఆహారంలో ఏది మాన్పించాలన్నా అడిగిన తరువాతే మాన్పించండి.