ఇంటి ముంగిట తోట: చలికాలానికి పాన్సీ పూలు

విశాఖపట్నంలో రైలెక్కి, అరకు లోయ మీదుగా కిరండూల్, బచేలి కాలనీలకు చేరిన మన కోస్తా కుటుంబాలకు బస్తర్ చలి మొదట్లో ఇబ్బందిగానే తోస్తుంది. అయితే కోస్తా ఉక్కలో సరిగా ఎదగని కొన్ని పూలమొక్కలకు ఈ చలియే ప్రాణం. అట్టి వాటిలో పాన్సీ ముఖ్యమైనది.

ఐరోపాలో అడవిపూలుగా పెరిగే చిన్న మొక్కలను 19వ శతాబ్ది తొలి దశకాలలో ఇంగ్లండులో విలియం థాంప్సన్ అనే తోటమాలి, మరికొందరు సంకరపరచి నేటి పాన్సీకి రూపమిచ్చారు. ఫ్రెంచి భాషలో ‘ఆలోచన’ అనే అర్థమున్న మాట నుండి దీనికి ఆ పేరు వచ్చింది. ఐదు రేకుల నడుమ నల్లని మచ్చలతో, కొంచెం తల వంచి ఏదో ఆలోచిస్తున్న ముఖంవలె ఈ పువ్వు కనిపిస్తుంది.

పాన్సీ పెంపకంలో కాలమే ప్రధానం. వేడి 25 డిగ్రీలు మించితే విత్తనం సరిగా మొలకెత్తదు. ఆలస్యంగా విత్తితే మొక్క నిండుగా పూయకముందే మార్చి ఎండలు వచ్చి పడతాయి. కనుక సెప్టెంబరు మధ్య నుండి అక్టోబరు మొదటి వారం లోపల విత్తుకోవాలి. అప్పటికి వానలు పూర్తిగా వెనుదిరగవు కాబట్టి నారును ఆరుబయట కాక, వరండాలో పోసుకోవాలి.

ఒక ఏడాది నేను మిగిలిన విత్తనాలను రేకు పెట్టెలో దాచి, మరుసటి సెప్టెంబరులో చల్లాను. నాలుగైదు మాత్రమే మొలిచాయి. కొత్త విత్తనాలు తెప్పించేసరికి అదను దాటిపోయింది. ఆ చలికాలమంతా మా ముంగిలి బోసిగానే ఉండిపోయింది. వేసవి వేడికి, వానాకాలపు చెమ్మకు పాన్సీ విత్తనం త్వరగా సత్తువ కోల్పోతుంది. కావున ఆగస్టు చివరలోనే పది విత్తనాలను తడిగుడ్డలో చుట్టి, చల్లని చీకటి చోట రెండు వారాలు ఉంచి చూడండి. సగమైనా మొలవకపోతే కొత్తవి తెప్పించుకోండి.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఆకు ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగున రంధ్రాలున్న వెడల్పాటి కుండీలో నింపాలి. విత్తనాలు పలుచగా చల్లి, పైన మూడు మిల్లీమీటర్ల మందాన మెత్తని మట్టి కప్పాలి. పైనుండి నీరు పోస్తే విత్తనాలు చెదిరిపోతాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచితే మట్టి అడుగు నుండి తడుస్తుంది. తరువాత పళ్లెం తీసివేసి, మొలకలు వచ్చేవరకు తడి గోనెపట్టా కప్పాలి. పది పదిహేను రోజులలో మొలకలు కనబడగానే పట్టా తొలగించి వెలుతురులో పెట్టాలి. నీరు నిలిస్తే నారు మొదలు కుళ్లి పడిపోతుంది. నాలుగైదు ఆకులు తొడిగాక, నవంబరులో 15 నుండి 20 సెంటీమీటర్ల ఎడంతో ఎండ తగిలే మడిలో నాటుకోవాలి.

కొంచెం ఆమ్లగుణమున్న నేల పాన్సీకి హితం. బైలదిల కొండల పరిసరాలలోని ఎర్రమట్టికి సాధారణంగా ఈ గుణం ఉంది. సున్నం, కట్టెల బూడిద కలిపితే ఆ గుణం తగ్గి, మొక్క నేలలోని ఇనుమును గ్రహించలేక ఆకులు పసుపుబారుతాయి. ఇనుప కొండల చెంత ఉండి మొక్కకు ఇనుము అందకుండా చేసుకోవడం ఎందుకు? వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేయడం మరువరాదు. కాయ కట్టిందంటే మొక్క పూత తగ్గిస్తుంది.

మన ఉద్యోగాలలో బదిలీలు సహజం. మామిడి నాటినవారు ఆ క్వార్టరులోనే పండు తింటారన్న హామీ లేదు. పాన్సీ మాత్రం విత్తిన ఏడాదే, విత్తిన చేతులకే పూలనిస్తుంది. మిగిలిన నారును పొరుగింటికి పంచితే వీధి వీధంతా శోభిస్తుంది.