ముందు తూకం, చివర కెమెరా

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, డాబాల మీద చిక్కుకుపోయినవాళ్ళకి డ్రోన్లతో అన్నం పొట్లాలూ మంచినీళ్ళూ అందించారు. ఆ వీడియోలు ఇక్కడ డాలస్‌లో మా మిత్రుల వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చాయి. మామూలుగా ఐతే ఇలాంటివి చూసి ఓ దండం బొమ్మ పెట్టి ముందుకెళ్ళిపోతాం. ఆ రోజు మాత్రం ఒకడు, "ఇందులో ఏముందిరా, నాలుగు మోటార్లు, ఒక బోర్డు, ఒక కెమెరా. మనమే చేసుకోవచ్చు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు పదిహేను మంది ఉన్న చోట అలాంటి మాట పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటేసరికి ఓ స్ప్రెడ్‌షీట్ తయారైంది.

ఆ స్ప్రెడ్‌షీట్ తయారు చేసింది నేనే. మొత్తం 1,140 డాలర్లు తేలింది. మొదటి వరసలో మంచి యాక్షన్ కెమెరా, దాన్ని మొయ్యడానికి 5 అంగుళాల రెక్కల ఫ్రేము, దాన్ని తిప్పడానికి తగిన మోటార్లు, వాటికి తగిన బ్యాటరీ... ఇలా కెమెరాతో మొదలుపెట్టి కిందకి దిగాను. సోల్డరింగ్ ఐరన్ ఆ షీట్‌లో లేనే లేదు. మొదటిసారి కెమెరా డ్రోను సొంతంగా చేసుకోవాలనుకునే మనలాంటివాళ్ళలో చాలామంది ప్లాను ఇలా తలకిందులుగానే ఉంటుందని నా అనుమానం.

అసలు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మీకు కావలసింది బొమ్మలా, డ్రోనా? పైనుంచి తీసిన చక్కటి వీడియోలే కావాలంటే 249 గ్రాముల రెడీమేడ్ డ్రోను మూడు వందల డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. జీపీఎస్‌తో గాల్లో కదలకుండా నిలబడుతుంది, గింబల్ ఉంటుంది, సిగ్నల్ పోతే తనంతట తనే వెనక్కి వస్తుంది. మనం ఇంట్లో చేసే మొదటి డ్రోను దానికి రెట్టింపు ఖర్చై, అందులో సగం పని కూడా చెయ్యదు. సొంతంగా చేసుకుంటే చవక అన్న మాట ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు.

ఒకప్పుడంటే మరీ పాత సంగతేం కాదు. 2007లో క్రిస్ ఆండర్సన్ 'డీఐవై డ్రోన్స్' మొదలుపెట్టినప్పుడు, 2010లో నింటెండో వీ ఆటబొమ్మలోని గైరో ఊడదీసి ఆర్డుయినోకి తగిలించి 'మల్టీవీ' అనే ప్రోగ్రాంతో క్వాడ్‌కాప్టర్లు ఎగరేస్తున్నప్పుడు, కెమెరా మొయ్యగల డ్రోను మామూలు మనిషి బడ్జెట్‌లో కావాలంటే ఎక్కువమందికి సొంతంగా చేసుకోవడమే దారి. 2013లో డీజేఐ ఫాంటమ్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడు చేసుకునేది తెలుసుకోవడానికే. ఆ మల్టీవీ కోడే బేస్‌ఫ్లైట్‌గా, క్లీన్‌ఫ్లైట్‌గా, చివరికి బీటాఫ్లైట్‌గా మారి ఈనాటి చిన్న బోర్డుల మీద నడుస్తోంది. అగ్గిపెట్టె కన్నా చిన్న బోర్డు, సెకనుకి కొన్ని వేల సార్లు గైరో చదివి, పీఐడీ లెక్క వేసి, నాలుగు మోటార్లకీ కొత్త ఆజ్ఞలు పంపిస్తుంది. మన సర్వీసు రెండు సెకన్లలో జవాబిస్తే డెమోలో చప్పట్లు కొట్టే బతుకులు మనవి. ఆ కోడు చదివిన రోజు నాకు కాస్త సిగ్గేసింది.

తెలుసుకోవడానికే ఐతే మరి కెమెరాకి మొదటి పీట ఎందుకు? నా విషయంలో జరిగింది చెప్తాను. ఆ 1,140 డాలర్ల షీట్‌లో సగం సరుకు కొనేశాను. డాలర్ దుకాణం తరహా సోల్డరింగ్ ఐరన్ ఒకటి తెచ్చి బ్యాటరీ కనెక్టర్ అతికించాను. ఎర్ర తీగ నల్ల తీగ చోట, నల్లది ఎర్రదాని చోట. బ్యాటరీ పెట్టగానే టప్‌మని చిన్న చప్పుడు, సన్నటి పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. నాలుగు మోటార్లనీ నడపాల్సిన బోర్డు పోయింది. ప్రొడక్షన్‌లో తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవచ్చు, పొగని వెనక్కి తిప్పుకోలేం. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పాత 12 వోల్టుల కారు బల్బు ఒకటి వరసలో కలిపి ఉంటే సరిపోయేది. షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. ఆ బల్బు ఖరీదు రెండు డాలర్లు. కెమెరా మాత్రం పెట్టె విప్పకుండా అల్మారాలో భద్రంగా ఉంది.

రెండోసారి ప్లాను కిచెన్ స్కేలు ముందు పెట్టుకుని మొదలుపెట్టాను.

డ్రోను వ్యవహారంలో అన్నీ బరువు దగ్గరికే వస్తాయి. నా పాత 5 అంగుళాల డ్రోను కెమెరాతో కలిపి 650 గ్రాములు. ఊరికే గాల్లో నిలబడటానికి సుమారు 200 వాట్లు కావాలి. బ్యాటరీ నాలుగు సెల్లులది, 1500 మిల్లీ ఆంపియర్ అవర్లు. 14.8ని 1.5తో గుణిస్తే 22.2 వాట్ అవర్లు. లిథియం పాలిమర్ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి 80 శాతం, అంటే 17.8. దాన్ని 200తో భాగిస్తే ఐదు నిమిషాల పైచిలుకు. అంతే. పెద్ద బ్యాటరీ పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వాట్లు పెరుగుతాయి. రెక్కలు పెద్దవైతే కొంత నయం. 5 అంగుళాల నుంచి 7కి వెళ్తే రెక్కలు ఊడ్చే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, అదే బరువుకి సిద్ధాంతం ప్రకారం దాదాపు 30 శాతం తక్కువ శక్తి చాలు. కానీ 7 అంగుళాల రెక్క మొదటిసారి ఎగరేసేవాడి చేతిలో కత్తి లాంటిది. నేర్చుకునేవాడు చెట్లకీ కంచెలకీ గుద్దుతాడు, అప్పుడప్పుడూ తనకే గుద్దుకుంటాడు. తేలిక డ్రోను పడితే రెక్క విరుగుతుంది, బరువైంది పడితే ఫ్రేము కూడా విరుగుతుంది.

చట్టం కూడా తూకం దగ్గరే మొదలవుతుంది. సరదాకి ఎగరేసేవాళ్ళు 250 గ్రాముల లోపు డ్రోనుని ఎఫ్‌ఏఏ దగ్గర రిజిస్టర్ చెయ్యక్కర్లేదు. ఆ గీత దాటితే 5 డాలర్లు కట్టి నంబరు తీసుకోవాలి, అది మూడేళ్ళు చెల్లుతుంది. అక్కడితో ఐపోతే బాగుండేది. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రతి డ్రోనూ తన ఉనికిని రేడియోలో ప్రకటిస్తూ ఉండాలన్న రిమోట్ ఐడీ నిబంధనని 2024 మార్చి 16 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. కొన్న డ్రోనులో అది లోపలే ఉంటుంది. ఇంట్లో చేసినదానికి విడిగా ఓ మాడ్యూలు కొని తగిలించాలి, లేదా అందుకని ఎఫ్‌ఏఏ గుర్తించిన మైదానాలకే వెళ్ళి ఎగరెయ్యాలి. అంటే నా 650 గ్రాముల డ్రోనుకి కెమెరా ఖర్చుతో పాటు ఇదీ తోడు.

అలాగని 250 లోపైతే ఏమైనా చెయ్యొచ్చని కాదు. ట్రస్ట్ అనే చిన్న పరీక్ష ఆన్‌లైన్‌లో ఉచితంగా రాసి కాగితం దగ్గర పెట్టుకోవాలి. డ్రోను కంటికి ఆనుతూ ఉండాలి. కళ్ళకి గాగుల్స్ తగిలించుకుని ఎగరేస్తే, దాన్ని మామూలు కళ్ళతో చూస్తూ పక్కనే ఇంకొకరు నిలబడాలి. 400 అడుగులు దాటకూడదు. విమానాశ్రయాల చుట్టూ ముందే అనుమతి కావాలి. నేనుండే ఇర్వింగ్ సరిగ్గా డాలస్ విమానాశ్రయం పక్కనే. ఇక్కడి గాంధీగారి విగ్రహం మీదుగా ఓ షాట్ తియ్యాలని మా గ్రూపులో అందరికీ కోరికే. ముందు ఫోన్‌లో మ్యాపు తెరిచి ఆ చోటికి ఎన్ని అడుగులు అనుమతిస్తున్నారో చూసుకోండి, కోరిక చాలావరకు చల్లారుతుంది. గాగుల్స్‌కి బొమ్మ పంపించే అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి అమెచ్యూర్ రేడియో లైసెన్సు కూడా కావాలి. 35 ప్రశ్నల పరీక్ష, 26 సరిగ్గా రాస్తే చాలు. మన జాతికి పరీక్షలంటే భయమా!

ఇక మనవాళ్ళందరూ తప్పకుండా పడే గుంట ఒకటుంది. మీ దగ్గర కెమెరా డ్రోను ఉందని తెలిసిన వారానికే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "అన్నా, ఈసారి బతుకమ్మకి పైనుంచి వీడియో తీసిపెట్టవా, సంఘం పేజీలో పెడతాం." డబ్బు తీసుకోకపోయినా ఇది సరదా కింద రాదు. ఒక సంస్థ కోసం ఉచితంగా చేసిపెట్టినా సరదా కానట్టే లెక్క అన్నది ఎఫ్‌ఏఏ వివరణ. అప్పుడు పార్ట్ 107 సర్టిఫికెట్ కావాలి, పరీక్ష రుసుము 175 డాలర్లు. పైగా ఆ నిబంధనల కింద ఎగరేస్తే 250 గ్రాముల వెసులుబాటు మాయమౌతుంది. ఎంత చిన్న డ్రోనైనా రిజిస్టర్ చెయ్యాల్సిందే, రిమోట్ ఐడీ ఉండాల్సిందే. జనం నెత్తిమీద ఎగరెయ్యడానికి ఉన్న షరతులు ఇంకా వేరే. ఆ వీడియోకి ఓ వంద డాలర్లు చేతిలో పెట్టారనుకోండి, హెచ్-1బీ మీద ఉన్నవాడికి అది డ్రోను సమస్య కానే కాదు, అనుమతి లేని ఉద్యోగం సమస్య. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్ళుగా నిలబడినవాడు వంద డాలర్ల వీడియో కోసం అంత సాహసం చెయ్యాలా? నేనైతే "డ్రోను రిపేర్‌లో ఉంది" అంటున్నాను. చాలాసార్లు అది నిజం కూడా.

ఇప్పుడు డబ్బు లెక్క. ఈసారి ఆరు వందల డాలర్లు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. అందులో దాదాపు 260 అసలు ఎగరని వస్తువులకే పోయింది. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ రేడియో 70, వేడి అదుపులో ఉండే సోల్డరింగ్ ఐరన్ 30, మంచి ఛార్జరు 50, సాదా గాగుల్స్ 90, సిమ్యులేటర్ 20. నా మటుకు ఇదే సరైన ఖర్చు. డ్రోను కూలిపోయినా ఇవి కూలవు, తర్వాత చేసే డ్రోనుకి కూడా ఇవే పనికొస్తాయి. అన్నిట్లోకీ గిట్టుబాటైంది ఆ 20 డాలర్ల సిమ్యులేటర్. రేడియోని యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి తగిలించి మూడు వారాల పాటు రోజూ రాత్రి అరగంట ఎగరేశాను. మొదటి వారంలో ఎన్నిసార్లు కూల్చానో లెక్కపెట్టడం మానేశాను. ఒక్కొక్క కూల్పుకీ బయటైతే ఎంతయ్యేదో ఊహించుకోండి.

ఎగిరే భాగం ఇంకో 250. 3 అంగుళాల ఫ్రేము, నాలుగు చిన్న మోటార్లు, అన్నీ కలిసిన ఒకే బోర్డు, రిసీవరు, దారి చూడటానికి చిన్న అనలాగ్ కెమెరా, మూడు బ్యాటరీలు, రెక్కలు ఆరు సెట్లు. ఆరు ఎందుకంటే మొదటి రోజే రెండు పోతాయి. ఈ భాగాలు చైనా నుంచి నేరుగా చవగ్గా వచ్చే రోజులు పోయాయి. 2025 మేలో అక్కడి చిన్న పార్శిళ్ళకున్న సుంకం మినహాయింపు తీసేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఎఫ్‌సీసీ విదేశీ డ్రోన్లనీ, వాటి ముఖ్య భాగాలనీ తన నిషిద్ధ జాబితాలో చేర్చింది. అప్పటికే అనుమతి ఉన్న మోడళ్ళు అమ్ముకోవచ్చు, ఇబ్బందల్లా కొత్త మోడళ్ళకే. కాబట్టి ప్లాను వేసేటప్పుడు రేపు విరిగితే దొరికే భాగమేనా అన్నది కూడా చూసుకోవాలి.

కెమెరాకి మిగిలింది 90 డాలర్లు. దానికి బొటనవేలంత కెమెరా వస్తుంది, పది గ్రాములకి అటూఇటూ తూగుతుంది. గింబల్ అక్కర్లేదు. గైరో లెక్కలు రికార్డయితే చాలు, గైరోఫ్లో అనే ఉచిత ప్రోగ్రాం ఇంటికొచ్చాక వీడియోలో కుదుపులు సరిచేస్తుంది. ఐతే మోటారు అదురు వల్ల బొమ్మ జెల్లీలా వణికితే మాత్రం ఏ ప్రోగ్రామూ ఆదుకోదు. వంకర పోయిన రెక్క మార్చాలి, కెమెరా కింద మెత్తటి రబ్బరు వెయ్యాలి. అందుకే డ్రోను కుదురుగా ఎగిరేదాకా కెమెరా కొననని ఒట్టేసుకున్నాను.

ఇండియా తీసుకెళ్ళి ఊళ్ళో చెరువు మీద ఎగరేద్దామనే వాళ్ళకి ఒక మాట. 2022 ఫిబ్రవరి నుంచి భారతదేశంలోకి డ్రోన్ల దిగుమతి నిషిద్ధం, విప్పి కిట్టుగా తీసుకెళ్ళినా అంతే. విడిభాగాల దిగుమతికి మాత్రం ఆ నిషేధం లేదు. కస్టమ్స్ బల్ల దగ్గర ఇది కిట్టా, విడిభాగాలా అని వాదించే ఓపిక ఉంటే మీ ఇష్టం. నేను మాత్రం మా తమ్ముణ్ణి అక్కడే ఒకటి మొదలుపెట్టమన్నాను. ముందు ఛార్జరు కొనమన్నాను, వాడు కెమెరా ఏది మంచిదని అడిగాడు.

నాది కిందటి ఆదివారం పూర్తయింది. బ్యాటరీతో సహా స్కేలు మీద పెడితే 223 గ్రాములు. కారు బల్బు వెలగలేదు.