గోల్ కొట్టే కుర్రాడేడీ? భారత ఫుట్‌బాల్ జట్టు అసలు జబ్బు ఇదే

మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు. ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ ఆరు, కొట్టినవి సున్నా. 2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టు లెక్క ఇది. అదృష్టం కలిసి రాలేదని అప్పట్లో సరిపెట్టుకున్నవాళ్లున్నారు. కానీ 2025 అక్టోబర్ 14న గోవాలోని మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హతే పోగొట్టుకున్నాక ఆ మాట చెల్లదు. ఈలోగా స్టిమాచ్ పోయి మార్క్వెజ్ వచ్చారు, ఆయన పోయి ఖాలిద్ జమీల్ వచ్చారు. కోచ్‌లు మారినా జబ్బు మారలేదు.

ఖతర్‌లో తొలి మ్యాచ్ ఆస్ట్రేలియాతో. స్టిమాచ్ జట్టు మొత్తాన్నీ వెనక్కి దించి గోల్‌పోస్ట్ ముందు గోడ కట్టించారు. సగం ఆట దాకా ఆ గోడ నిలబడింది, స్కోరు 0-0. 50వ నిమిషంలో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గుద్దిన బంతి నేరుగా ఇర్విన్ కాళ్ల దగ్గర పడింది. 73వ నిమిషంలో రెండో గోల్. వెనక కాపలా కాయడం తప్పేమీ కాదు, బలమైన జట్టుతో ఎవరైనా చేసే పనే. చిక్కంతా బంతి చేతికొచ్చాక ఎవరికివ్వాలన్నదే. ముందు 39 ఏళ్ల సునీల్ ఛెత్రి ఒక్కడే. కష్టపడి బయటకు కొట్టిన బంతి క్షణాల్లో మళ్లీ మన మీదికే వచ్చేది. అలా గంటన్నర పాటు ఏ డిఫెన్స్ తట్టుకుంటుంది?

ఉజ్బెకిస్తాన్ మీద 4వ నిమిషంలోనే గోల్ పడింది. ఒకసారి వెనకబడితే కాపలా ఆటకు అర్థం లేదు, ముందుకెళ్లాల్సిందే. ముందుకెళ్తే వెనక ఖాళీ. సగం ఆటకే 0-3. సిరియాతో మ్యాచ్‌లో గెలిస్తే ఆశ మిగిలేది. డిఫెన్స్‌కు పెద్ద దిక్కైన ఝింగన్ గాయంతో బయటికొచ్చాడు, 76వ నిమిషంలో ఖ్రిబిన్ గోల్ కొట్టాడు, అంతే సంగతులు.

సాకులు లేకపోలేదు. జట్టు దోహా చేరింది డిసెంబర్ 30న, తొలి మ్యాచ్ జనవరి 13న. శిక్షణకు దొరికింది రెండు వారాలే. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ గాయాలతో దూరమయ్యారు. అయినా 2019 ఆసియా కప్‌లో ఇదే దేశం థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించింది. ఐదేళ్లలో నాలుగు గోల్స్ నుంచి సున్నాకు ఎలా పడిపోయాం?

జవాబు మన లీగ్‌లోనే ఉంది. ఐఎస్‌ఎల్ క్లబ్బులు మైదానంలో నలుగురు విదేశీయులను దించొచ్చు. ఏ క్లబ్బైనా ముందుగా కొనేది గోల్ కొట్టేవాడినే. 2021-22లో మార్క్వెజ్ శిక్షణలో హైదరాబాద్ ఎఫ్‌సీ టైటిల్ గెలిచింది. ఆ జట్టు తరఫున 18 గోల్స్ కొట్టింది నైజీరియాకు చెందిన ఒగ్బెచే. క్లబ్బుకు అది లాభమే. మరి మన కుర్రాళ్లు? పక్క వింగ్‌లో పరుగెత్తుతారు, లేదంటే బెంచీ మీద కూర్చుంటారు. ఆ మార్క్వెజే జాతీయ కోచ్ అయ్యాక రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో 2025 మార్చిలో వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఖాలిద్ జమీల్ వచ్చాక డిఫెన్స్ కాస్త కుదుటపడింది. 2025 సెప్టెంబర్‌లో ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కాఫా నేషన్స్ కప్‌లో మూడో స్థానం తెచ్చారు. కానీ సింగపూర్‌పై ఛాంగ్తే గోల్‌తో ముందంజ వేసి కూడా నిలబెట్టుకోలేకపోయారు. రెండో గోల్ కొట్టేవాడు లేకపోతే ఒక్క గోల్ ఆధిక్యం ఎంతసేపు నిలుస్తుంది?

ఇదే చిక్కును ఒకప్పుడు విప్పింది మన హైదరాబాదీయే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లోనూ, దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్స్ కొట్టాడు. ఉన్న మనుషుల్లోంచే గోల్ కొట్టేవాడిని తీసిన చూపు అది. అయితే అలాంటి ఎత్తు ఫలించాలంటే చిన్నప్పటి నుంచి బంతితో పెరిగిన ఆటగాళ్లు చేతిలో ఉండాలి.

ఆ లోటు మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపూ కనిపిస్తుంది. ఆదివారం ఖాళీ స్థలం దొరికితే పిల్లలు ఆడేది టెన్నిస్ బాల్ క్రికెట్టే. అందులో తప్పులేదు. కానీ ఫుట్‌బాల్‌కు కావాల్సింది ఒక్క బంతి, రెండు గోల్‌పోస్టులు, నేర్పే ఒక పీఈటీ సారు. పశ్చిమ ప్రకాశం ఒక్కటే దేశానికి స్ట్రైకర్‌ను ఇస్తుందని కాదు. ఇలాంటి వందల ఊళ్లలో పదేళ్ల పిల్లాడి కాలికి బంతి తగలనంతకాలం, ఎంత పెద్ద కోచ్ వచ్చినా గోడలే కట్టిస్తాడు. బడిలో ఆటల పీరియడ్ నిజంగా ఆడిస్తున్నారా లేదా అని అమ్మానాన్నలు అడగడం అందుకే అవసరం.