గ్రామవృద్ధుల యాహారము

పల్లెలలోని బీద వృద్ధులకు బియ్యము దొరకుచున్నది. భోజనము దొరకుట లేదు. ఈ రెండింటికిని గల భేదమును ప్రభుత్వములు గుర్తింపవలసిన కాలము వచ్చినదని మేము విన్నవించుచున్నాము.

2011 జనాభా లెక్కలనుబట్టి దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడియుండిరి. వారిలో 7 కోట్లకు మించినవారు గ్రామవాసులు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము పేదకుటుంబములోని యొక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా నొసగినది. 2023 జనవరినుండి దానికి వెల కూడ లేదు. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని లెక్క చూడుడు. నెలకు 5 కిలోలనగా దినమునకు సుమారు 166 గ్రాములు. అంత బియ్యములో మాంసకృత్తులు 13 గ్రాములు మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రమాణమునుబట్టి 50 కిలోల బరువుగల మనిషికి దినమునకు 41 గ్రాములకు పైగా కావలెను. తక్కిన 28 గ్రాములు పప్పునుండియో, పాలనుండియో, గ్రుడ్డునుండియో రావలెను. అవి కొనుటకు ముసలివారి చేత కాసులేవి?

వార్ధక్యమున ఆకలి మందగించును; కండలు కరగుచుండుటచేత మాంసకృత్తుల యవసరము మాత్రము తగ్గదు. పండ్లూడినవారు గట్టి పదార్థములు నమలలేరు. ఒంటరి ముసలమ్మ తన యొక్కతెకొఱకు రెండుపూటల పొయ్యి రాజేయదు. ప్రొద్దుటి యన్నమునే పచ్చడితో రాత్రికిని సరిపెట్టుకొనును. పూర్వము రాయలసీమలోను తెలంగాణములోను బీదల తిండి రాగిసంకటియు జొన్నరొట్టెయు. 100 గ్రాముల రాగులలో కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములుండును. మరబియ్యములో 10కి మించదు. చౌకబియ్యము ఆకలి తీర్చినది గాని సంకటిముద్దను వెనుకకు నెట్టినది. పెళుసుబారిన యెముకతో గడపకడ జారిపడిన ముదుసలికి మంచమే గతియగుచున్నది.

బిడ్డలు లేరా యని కొందఱడుగుదురు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము బిడ్డలపై ఈ భారము నుంచిన మాట నిజమే. కాని కడుపున బుట్టినవానిపై ఫిర్యాదు చేయుటకు ఎందఱు తల్లులు ఆర్.డి.ఓ. కచేరి మెట్లెక్కుదురు? కొడుకే కూలికై హైదరాబాదునకో బెంగుళూరునకో వలసపోయి పూటకు పూట గడుపుకొనుచుండ, చట్టము వానినుండి ఏమి రాబట్టగలదు? పింఛను గలదు కదా యని మఱికొందఱందురు. ఆంధ్రప్రదేశమున 2024లో దానిని నెలకు 4,000 రూపాయలకు పెంచుట హర్షింపదగినదే. అయినను 60 నుండి 79 ఏండ్లవారికి కేంద్రప్రభుత్వము తన వంతుగా నిచ్చునది 200 రూపాయలే. మందులకును, అప్పులకును, మనుమల చదువులకును పోగా మిగిలినదే పప్పునకు వచ్చును.

2001 నవంబరు 28న ఆహారహక్కు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన యుత్తరువును మా న్యాయవాద సోదరులు మరల చదువవలెను. బడిపిల్లలకు ధాన్యము పంచుట చాలదు, వండిన భోజనమే పెట్టవలెనని అందు న్యాయస్థానము శాసించినది. వృద్ధులకు మాత్రము పింఛనును, ధాన్యమును చేర్పుమన్నది. పిల్లవాని యెడల ధాన్యము భోజనము కాదన్న న్యాయము పండ్లు లేని తాత యెడల ఏల చెల్లదు? ఆహారభద్రతా చట్టము గర్భిణికిని బిడ్డకును భోజనమును హక్కుగా నిచ్చినది. వృద్ధుని పేరో, మూడవ షెడ్యూలులో, ప్రభుత్వములు క్రమముగా సాధింప యత్నింపవలసిన యాశయముల నడుమ, ‘తగిన పింఛను’ అను మాటతో ముగిసినది.

ఇందులకు క్రొత్త కట్టడము లక్కరలేదు. బడులలో వంట ఇప్పటికే సాగుచున్నది. తమిళనాడు 1983లోనే పింఛనుదారులైన వృద్ధులకు పిల్లల మధ్యాహ్నభోజన కేంద్రములలో అన్నము పెట్ట నారంభించినది. మన రెండు రాష్ట్రములును ఆ మార్గము నవలంబింపవలెను. ఒంటరి వృద్ధుల జాబితాను మొదట గ్రామసభ సిద్ధపఱచవలెను. మెత్తగా నుడికిన పప్పు, ఆకుకూర, రాగిజావ, మజ్జిగ, తినువారికి గ్రుడ్డు చాలును. కదలలేనివారికి క్యారియరు ఇంటికే పోవలెను. సెలవుదినములందును పొయ్యి ఆరరాదు. వండు స్త్రీలకు అదనపు కూలి నెలనెల ముట్టవలెను. కులము పేర వేఱు పంక్తి యుండరాదు. వేలిముద్ర యరిగి యంత్రమునకు అందలేదని యే ముదుసలిని విస్తరిముందునుండి లేపరాదు.

యువజనులును, మహిళా పొదుపు సంఘములవారును పైయుత్తరువులకై వేచియుండక తమ యూరి జాబితాను నేడే వ్రాయ నారంభింపవలెను. పేర్లతో, ఇండ్లతో సహా సిద్ధమైన గ్రామసభ తీర్మానమును శాసనసభ్యుడు తేలికగా త్రోసిపుచ్చలేడు. ఈ ముదుసలులు నాట్లు వేసి, కోతలు కోసి, మనలనందఱను పోషించినవారు. వారికి దినమున కొక్క విస్తరి మనము పడియున్న బాకీ. అది వారు బ్రదికియుండగనే తీరవలెను.