గరగరా? కటకటా?

"అన్నా, బండిలో ఏదో సౌండొస్తా ఉంది, సూడు."
"యాడప్పా? నాకేం ఇనపడల్యా."

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఈ మూడు ఊళ్ళలో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఇటువంటి సంభాషణ చెవిన పడుతుంది. దారి పొడుగునా వేధించిన చప్పుడు షెడ్డు ముందుకు రాగానే మాయమవుతుంది, డాక్టరు ఎదుట కూర్చోగానే తగ్గిపోయే పంటినొప్పిలా. ఆపైన అంతా అంచనాల మీద నడుస్తుంది. ముందు షాకబ్సార్బర్లు మారతాయి, తర్వాత టైర్లు మారతాయి. వారం తిరిగేసరికి చప్పుడు మళ్ళీ హాజరు.

దీనికి మెకానిక్కును నిందించడం సులువు. నా మటుకు నాకు లోపం మన మాటలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది. "సౌండ్" అన్న ఒక్క ముక్కతో రోగలక్షణాలన్నీ చెప్పేశామనుకుంటాం.

తెలుగుకు ఈ పేదరికం ఎప్పుడూ లేదు. మన ధ్వన్యనుకరణ పదాలను గమనించండి. రెండు గట్టి వస్తువులు కొట్టుకుంటే కటకట. ఒరుసుకుంటే గరగర. బిగి సడలితే లొటలొట. పట్టు తప్పుతూ, మళ్ళీ పట్టుకుంటూ జారితే కీచు. ఆగకుండా తిరిగేదాంట్లో అరుగుదల వస్తే గుయ్యిమనే మోత. చప్పుడుతో పాటు దాన్ని పుట్టించిన కదలికను కూడా ఈ మాటలు చెబుతాయి. చల్లటి ఉదయం బండి తీయగానే కీచుమంటే ముందు బెల్టు చూడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టకటకమంటే, ముందు చక్రాలతో నడిచే కార్లలో డ్రైవ్ షాఫ్టు చివరి జాయింటును అనుమానించాలి.

మాట తర్వాత అడగవలసింది "ఎప్పుడు?" అని. ఉండి ఉండి వచ్చే చప్పుడుకు ఆ "ఉండి ఉండి"లోనే ఆచూకీ ఉంటుంది. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒక్కసారి వెళ్ళి వస్తే చాలు, సగం పరీక్షలు పూర్తవుతాయి. సోమందేపల్లి దాకా ఊళ్ళు, స్పీడు బ్రేకర్లు. ఆ నెమ్మది ప్రయాణంలో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళకు కటకటమంటే సస్పెన్షన్ లింకులు, రబ్బరు బుష్షులు చూడాలి. అక్కడ 44వ జాతీయ రహదారి ఎక్కి పెనుకొండ వైపు సాగితే, 80 దాటాక స్టీరింగు వణికి, వేగం మారగానే సర్దుకుంటే చక్రాల బాలెన్సు చూడాలి. బ్రేకు నొక్కినప్పుడే అదిరితే డిస్కులు చూడాలి. రహదారి దిగి ధర్మవరం వైపు మళ్ళాక, కుడి మలుపులో బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మోత హెచ్చితే ఎడమ పక్క బేరింగును అనుమానించవచ్చు.

వణుకు ఇంజనుదా, చక్రానిదా అన్నది చిన్న లెక్కతో తేలుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో నాలుగు సిలిండర్ల ఇంజను 2400 ఆర్‌పీఎమ్ మీద ఉంటే సెకనుకు 80 సార్లు మండుతుంది. మొదటిది చేతికి అందే కుదుపు, రెండోది సన్నని జలదరింపు. గేరు మార్చినప్పుడు అదే వేగంలో వణుకు మారకపోతే ఇంజనును వదిలి చక్రాల వైపు చూడవచ్చు.

"ఇప్పుడన్నీ కంప్యూటరే చెప్పేస్తుంది కదా" అని కొందరి వాదన. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019 డిసెంబరు 5న ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతంలో ఆ నమ్మకం పెరగడం సహజమే. ఒక సిలిండరు సరిగా మండకపోతే స్కానరు చెబుతుంది, నిజమే. కానీ అది సెన్సర్లు చెప్పినదే చదువుతుంది. పగిలిన రబ్బరు బుష్షుకు సెన్సరు ఎక్కడిది? చప్పుడు, వణుకుల అధ్యయనానికే కార్ల కంపెనీలు ప్రత్యేకంగా ఇంజనీర్లను పెట్టుకుంటాయి. అక్కడ చెవికి ఉన్న గౌరవం షెడ్డులో ఎందుకు ఉండకూడదు? ధర్మవరంలో ఏ నేతగానిని అడిగినా చెబుతాడు, మగ్గం చప్పుడు లయ తప్పితే చెయ్యి దానంతట అదే ఆగుతుందని.

ఒకరి గరగర మరొకరికి గురగుర కావచ్చు, కాదనను. మాటే తీర్పు కాదు; ఎక్కడ వెతకాలో చెప్పే సాక్ష్యం అది. ఆ సాక్ష్యం లేకపోతే పోయేది డబ్బు ఒక్కటే అనుకోకండి. బాల్ జాయింటు పూర్తిగా అరిగి ఊడితే చక్రం అదుపులో ఉండదు. అది ఊడే ముందు చాలాసార్లు కటకటమని హెచ్చరిస్తుంది. రహదారి మీద నూరు కిలోమీటర్ల వేగంలో పోయేవాడికి ఆ మాట అర్థం కావడం ప్రాణంతో సమానం.

కనుక బండి అప్పగించేటప్పుడు తాళంచెవితో పాటు ఒక చీటీ కూడా ఇవ్వండి: ఏ చప్పుడు, ఏ వేగంలో, ఏ గేరులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, మలుపులోనా బ్రేకులోనా. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు కిలోమీటర్లు తిప్పండి. ఆయన వింటున్నంతసేపూ రేడియో కట్టేయండి.

మీ ప్రాంతంలో బండి చప్పుళ్ళకు ఇంకా ఏయే మాటలున్నాయో వ్యాఖ్యల్లో రాయండి. నిఘంటువులకు ఎక్కనివైతే మరీ సంతోషం.