చక్రాల చప్పుడు చెప్పే సంగతి

అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయినా, దానిని నేటికీ ఆప్యాయంగా నడుపుకొనేవారు ఉన్నారు. అది ఏ కొత్త చప్పుడు చేసినా “ముసలిబండి, మూలుగక మానుతుందా?” అని సరిపెట్టుకోవడం వారిలో కొందరికి అలవాటు. ఇది ప్రమాదకరమైన అలవాటు. అరిగిన బేరింగు పట్టేసినా, నట్లు వదులై చక్రం ఊడినా ప్రాణాలకే ముప్పు. నిన్న లేని చప్పుడు నేడు వినిపించిందంటే అది వార్ధక్యం కాదు, హెచ్చరిక.

మొదట సులభమైన పరీక్ష. పానాతో చక్రాల నట్లు బిగువుగా ఉన్నవో లేవో చూడండి. చక్రం తిరిగినప్పుడల్లా ఒకమారు ‘టిక్కు’మంటే టైరు గాళ్ళలో ఇరుక్కున్న రాయి కావచ్చు, వీల్ కప్పులో చిక్కిన గులకరాయి కూడా గలగలమంటుంది.

తరువాత బండిని నిలిపి, ఇంజను వేగం పెంచండి. అప్పుడూ అదే శబ్దం వస్తే దోషం చక్రాలది కాదు. రాకపోతే, జనసంచారం లేని చదునైన రోడ్డుపై, 40 కిలోమీటర్ల వేగంలో గేరును న్యూట్రల్‌కు తెండి. ఇంజను మాత్రం ఆపరాదు. శబ్దం మాయమైతే గేరుబాక్సును, డిఫరెన్షియల్‌ను అనుమానించాలి. బండి వేగంతోపాటే తగ్గుతూ కొనసాగితే చక్రాలనూ, ప్రొపెల్లర్ షాఫ్టునూ చూడాలి.

తారురోడ్డు నుండి సిమెంటురోడ్డుకు మారగానే శబ్దం మారితే అది టైర్లది. మారక, వేగంతో హెచ్చే ‘గుయ్’మనే ధ్వని బేరింగుది. ఎడమకు తిరిగేటప్పుడు భారం కుడి చక్రాలపై పడుతుంది గనుక, అప్పుడు శబ్దం హెచ్చితే కుడివైపు బేరింగును శంకించవచ్చును.

ముందు చక్రమైతే, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, జాకీతో పైకెత్తి, పైనా క్రిందా పట్టుకొని ఊపి చూడండి. లొడలొడలాడితే మరొకరిని బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగితే లోపం బేరింగులో ఉన్నట్లు. ఆగకపోతే కింగ్‌పిన్‌లోనో, సస్పెన్షన్‌లోనో ఉన్నట్లు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు.

క్లచ్చి వదలగానే, లేక రివర్సు నుండి ముందుకు మారగానే ‘టక్కు’మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు అరిగి ఉండవచ్చును. దానిని ఉపేక్షిస్తే షాఫ్టు ఊడి రోడ్డుపై పడవచ్చు. యాక్సిలరేటరు తొక్కినప్పుడొక తీరుగా, వదలినప్పుడొక తీరుగా వెనుకనుండి ఊళ వినిపిస్తే ముందుగా డిఫరెన్షియల్‌లో ఆయిలు ఎంత ఉన్నదో చూడాలి.

మెకానిక్కు వద్దకు వెళ్ళి “ఏదో చప్పుడు వస్తోంది” అంటే, అతడు ఊహపై సామాన్లు మార్చవలసి వస్తుంది. “ఎడమ మలుపులో, 40 దాటాక, కుడివైపు ముందు చక్రం వద్ద” అని చెప్పి చూడండి. అతని కాలమూ, మీ ధనమూ రెండూ మిగులుతాయి.